పరుగుకు ఏ పాట, బరువుకు ఏ పాట, ఏ పాటా వద్దనేది ఎప్పుడు

"వర్కవుట్‌కి మంచి పాటలేవో చెప్పన్నా" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే. ఈ రోజు నువ్వు చేయబోయే పని ఏమిటి? వైజాగ్ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ దాటి నింపాదిగా గంట పరుగా? ఏయూ గ్రౌండ్‌లో 1600 మీటర్ల టైమింగా? జిమ్‌లో బరువు బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్లా? ఈ మూడూ మూడు వేరే పనులు. మొదటిదానికి పాట ఆసాంతం తోడుంటుంది. రెండోదానికి మొదలుపెట్టే ముందు వరకే పనికొస్తుంది. మూడోదానికి సెట్టుకీ సెట్టుకీ మధ్య బాగుంటుంది, బార్ భుజం మీదికి వచ్చాక దాని అవసరం తగ్గిపోతుంది. చాలామంది ఫోన్‌లో ఉన్న ఒకే ప్లేలిస్ట్‌ని అన్నిటికీ వాడేస్తారు. కొన్నాళ్లకు ఆ పాటలు మొహం మొత్తేస్తాయి, వాటితోపాటే వ్యాయామం మీద కూడా విసుగు పుడుతుంది.

ఇక్కడ పాటల పేర్లు ఇవ్వను. నచ్చిన పాట ఏదో ఎవరికి వాళ్లకే తెలుసు. ఏ రకం పాట ఏ పనికి సరిపోతుంది, పాట కాకుండా వేరే దారులు ఏమున్నాయి, పోలీసు, ఆర్మీ ఉద్యోగాల పరుగు పరీక్ష రోజున చెవిలో ఏమీ లేనప్పుడు తలలో ఏం ఉండాలి అన్నవే నాకు ముఖ్యం.

పాట ఎంతవరకు పనిచేస్తుంది

ఇది నూరేళ్లకు పైబడిన ప్రశ్న. న్యూయార్క్‌లో ఆరు రోజుల పాటు సాగే సైకిల్ పందెం ఒకటి ఉండేది. లియొనార్డ్ ఎయర్స్ అనే ఆయన అక్కడ కూర్చుని లెక్క కట్టి 1911లో ప్రచురించాడు. బ్యాండు వాయిస్తున్నప్పుడు సైకిలిస్టుల సగటు వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటింది, బ్యాండు ఆగినప్పుడు 29 కిలోమీటర్లకు లోపే ఉంది. వాళ్లు పాట వినడానికి రాలేదు, దానికి తగ్గట్టు తొక్కమని ఎవరూ చెప్పలేదు. అయినా కాళ్లు తేడా చూపించాయి.

2010లో ఇంగ్లండ్‌లో 12 మంది కుర్రాళ్లతో సైకిల్ తొక్కించి చేసిన ప్రయోగం ఇంకా బాగుంటుంది. అవే పాటలు వినిపించారు, కాకపోతే ఒకసారి వేగం పది శాతం పెంచి, ఒకసారి పది శాతం తగ్గించి. పెంచినప్పుడు ఎక్కువ దూరం తొక్కారు, తగ్గించినప్పుడు బాగా వెనకబడ్డారు. పెంచినప్పుడు వాళ్లకు కష్టం తక్కువగా ఏమీ అనిపించలేదు. కొంచెం ఎక్కువే అనిపించింది. అయినా ఆ కష్టాన్ని ఇష్టంగా పడ్డారు. ఊపున్న పాట చేసేది ఇదేనని నా నమ్మకం. అది బరువును తగ్గించదు, మోయాలన్న మనసును పెంచుతుంది.

లండన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాగియోర్గిస్ దశాబ్దాలుగా ఇదే పని మీద ఉన్నాడు. ఆయన బృందం చెప్పేదాంట్లో మనకు పనికొచ్చే మొదటి మాట: ఓ మోస్తరు కష్టంలో, అంటే పక్కవాడితో ముక్కలు ముక్కలుగా మాట్లాడగలిగే స్థాయిలో పాట ఆయాసాన్ని కాస్త మరిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. కష్టం బాగా ముదిరి ఊపిరి అందని స్థాయికి వచ్చాక ఆ మరిపింపు చాలావరకు పోతుంది. ఒళ్లు గట్టిగా కేకలు వేస్తుంటే మెదడు పాటను పక్కకు నెట్టేసి ఒంటి మాటే వింటుంది. 139 అధ్యయనాలను కలిపి చూసి 2020లో ప్రచురించిన సమీక్షలో కూడా ఆయన ఒక రచయిత. పాట వల్ల మనసుకు హాయి, పనిలో మెరుగు, ఆయాసంలో తగ్గుదల ఉన్నాయని అందులో తేలింది. ఆ మెరుగు చిన్నదే. సరిపడా నిద్రపోనివాడికి, సరిగ్గా తిననివాడికి ఆ లోటును ఏ పాటా పూడ్చలేదు.

మాస్ బీటా, మాటలున్న పాటా, ఒట్టి వాయిద్యమా

ముందు వేగం చూసుకోవాలి. పాట పెట్టి, 15 సెకన్లలో కాలు ఎన్నిసార్లు తాళం వేస్తుందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో తెలుస్తుంది. యాప్ అక్కర్లేదు. వ్యాయామానికి ఎక్కువమందికి నచ్చేవి 120 నుంచి 140 మధ్య పాటలు. అంతకు మించి వేగం పెంచినా అదనంగా వచ్చే లాభం పెద్దగా లేదు. వార్మప్‌కి 100 దగ్గర చాలు. అయిపోయాక స్ట్రెచింగ్ చేసేటప్పుడు 80 కంటే తక్కువైనా మంచిదే.

పరుగుకు వచ్చేసరికి లెక్క మారుతుంది. మనలాంటి మామూలు పరుగువాళ్ల అడుగులు నిమిషానికి 150 నుంచి 170 మధ్య పడతాయి. అంత వేగం ఉన్న పాటలు వెతకనక్కర్లేదు. 80, 85 బీట్ల పాట తీసుకుని ఒక్కో బీటుకు రెండు అడుగులు వేస్తే సరిపోతుంది. పెద్ద పెద్ద అంగలు వేసి మోకాళ్లు నొప్పి చేసుకునేవాళ్లకు ఇది మంచి ఉపాయం కూడా. అదే వేగంలో అడుగుల సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద పడే భారం తగ్గుతుందని 2011 నాటి పరిశోధన ఒకటి చూపించింది. ఇప్పుడు 160 వేస్తుంటే 168కి వెళ్లాలి, అంటే 84 బీట్ల పాట. పాట లయకు అడుగు కలిపితే లెక్కపెట్టుకునే గొడవ ఉండదు.

మన సినిమా మాస్ పాటల విషయంలో ఒక చిక్కుంది. వాటిలో చాలా భాగం నాలుగేసి దెబ్బల తకధిమి నడకలో ఉండవు, మూడేసి దెబ్బల తకిట తకిట అనే తిశ్ర నడకలో ఉంటాయి. డప్పు దెబ్బ వినగానే భుజాలు ఊగేది ఆ నడకకే. కానీ పరుగులో మూడేసి దెబ్బలకూ అడుగు కలపబోతే తడబడతారు. ప్రతి 'త' మీద మాత్రమే అడుగు వేయాలి, 'కిట'ను వదిలేయాలి. పాట మొదటి నిమిషంలో నిలబడి కాలితో తాళం వేసి చూసుకుంటే ఇది పట్టుబడుతుంది. పట్టుబడని పాటను పరుగు జాబితాలోంచి తీసేసి జిమ్ జాబితాలో వేయండి. అక్కడ అడుగు కలవాల్సిన పని లేదు, ఊపు వస్తే చాలు.

ఆ ఊపు ఉత్తరాంధ్ర వాళ్లకు కొత్త కాదు. తప్పెటగుళ్లు వేసేవాళ్లను దగ్గర్నుంచి చూడండి. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, అదే లయకు గెంతుతూ, పాడుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. ఊపిరి, అడుగు, దెబ్బ మూడూ ఒకే తాళం మీద నడుస్తాయి. పెదజాలారిపేట వైపు ఒడ్డున అలివి వల లాగేటప్పుడు అందరూ ఒకే పిలుపు మీద ఒకేసారి వెనక్కి వాలడం కూడా ఇదే కోవలోది. లయ మనుషుల బలాన్ని ఒక్క క్షణానికి కూడగడుతుంది. జిమ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి చేసేటప్పుడు స్పీకర్‌లో పాట బాగుండేది అందుకే. ఎవరి చెవుల్లో వాళ్ల పాట ఉంటే ఆ కలివిడితనం రాదు.

మాటలున్న స్ఫూర్తి పాటల గురించి నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. పడిపోయినవాడు లేచి నిలబడే సాహిత్యం ఉన్న పాటలు తెలుగులో తక్కువేం కాదు. అవి గుండెను తాకుతాయి. కానీ అవి ఇంట్లో బూట్లు లేసులు కట్టుకుంటున్నప్పుడు, బీచ్‌కి బండి మీద వెళ్లే ముందు వినాల్సినవి. సగం పరుగులో మాటలు వినాలంటే వాటి మీద ధ్యాస పెట్టాలి. ఆ ధ్యాస అడుగు మీద, ఊపిరి మీద ఉంటే మేలు. పైగా మనసును కదిలించే పాటను రోజూ వినేస్తే నెల తిరిగేసరికి అది కదిలించడం మానేస్తుంది. ఒకటో రెండో అలాంటి పాటల్ని దాచుకోండి. పొడవాటి పరుగు రోజు, లేదా బాగా నిరుత్సాహంగా ఉన్న రోజు మాత్రమే తీయండి.

మాటల్లేని సంగీతం, అంటే డ్రమ్స్, ఎలక్ట్రానిక్ బీట్లు, నాదస్వరం డోలు కచేరీ ఏదైనా సరే, ట్రెడ్‌మిల్ మీద, సైకిల్ మీద బాగా సరిపోతుంది. అక్కడ దారి మారదు, చూడ్డానికి ఏమీ ఉండదు, విసుగే అసలు శత్రువు. పాట మారినప్పుడల్లా వేగం మారిపోకుండా ఒకే వేగంలో ముప్పై నలభై నిమిషాలు సాగే మిక్స్ పెట్టుకుంటే కాలు కుదురుగా ఉంటుంది.

మోటివేషనల్ స్పీచ్‌లు

వీటికి ఇప్పుడు చాలా గిరాకీ. వెనకాల గంభీరమైన సంగీతం, ముందు ఒక గొంతు గద్దిస్తూ ఉంటుంది. పొద్దున్నే దుప్పటి తీయడానికి రెండు నిమిషాలు వింటే మంచిదే. వ్యాయామం చేస్తూ వినడం మాత్రం నేను సిఫారసు చేయను. లయ లేని మాట అడుగుకు సాయం చేయదు. కోపం రేపే మాటలకు మొదటి కిలోమీటర్‌లోనే వేగం పెరిగిపోయి, మూడో కిలోమీటర్‌కి దమ్ము అయిపోతుంది. ఇంకో ప్రమాదం ఉంది. వింటుంటేనే ఏదో సాధించేసినట్టు అనిపిస్తుంది, ఆ తృప్తితో ఒకటి తర్వాత ఒకటి వింటూ మంచం మీదే ఉండిపోయినవాళ్లను చూశాను. స్పీచ్ వినే అలవాటు ఉంటే అది అయ్యేలోపు గడప దాటాలన్న నియమం పెట్టుకోండి.

చెవిలో ఏమీ లేనప్పుడు

ఎంపికల్లో అందరూ వదిలేసేది ఇది. పోటీకో, పరీక్షకో సిద్ధమయ్యేవాళ్లకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

వరల్డ్ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం పోటీ జరిగే చోట రేడియో, మొబైల్ లాంటివి దగ్గర ఉంచుకోవడం కూడా కుదరదు. కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగు పరీక్షల్లో, అంటే ఈవెంట్స్‌లోనూ, ఆర్మీ ర్యాలీలోనూ అంతే, చెస్ట్ నంబర్ కట్టుకుని ఒట్టి చెవులతో లైన్‌లో నిలబడాలి. గ్రౌండ్‌లో ఒక కుర్రాడు నాతో అన్నాడు, "ఏటన్నా, పాట లేకపోతే రెండో రౌండుకే కాళ్లు లాగేస్తన్నాయి." "మరి ఈవెంట్ రోజు పెట్టుకోనిస్తారా తమ్ముడూ?" అంటే నవ్వేసి ఊరుకున్నాడు. ఆ అబ్బాయి కాళ్లలో లోపం లేదు. పాటతోనే సాధన చేసి చేసి, పాట లేని పరుగును అతని మనసు కొత్త పనిగా చూస్తోంది.

పైగా 1600 మీటర్లను పూర్తి శక్తితో పరిగెత్తడం ఊపిరి అందని స్థాయి పని. ఇందాక చెప్పినట్టు ఆ స్థాయిలో పాట చేసేది తక్కువ. అక్కడ పనిచేసేవి రెండే, లయ తెలిసిన ఒళ్లు, తనతో తాను మాట్లాడుకోగలిగిన మనసు.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పరిగెత్తే 100 మీటర్ల హర్డిల్స్ చూడండి. పది హర్డిల్స్, ఒక్కోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, ఆ మధ్యలో మూడే అడుగులు. మూడు అడుగులు, దూకు, మూడు అడుగులు, దూకు. దానికి మించిన తాళం ఏ పాటలో ఉంది? వేల సార్లు సాధన చేసి ఆ తాళాన్ని కాళ్లలోకి దించుకోవడమే ఆ ఈవెంట్. 2023 అక్టోబర్ 1న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పక్క లేన్‌లోని చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు జ్యోతికి కూడా రెడ్ కార్డు, అంటే పోటీ నుంచి తప్పుకోమనే కార్డు చూపించారు. ఆమె అక్కడే నిలబడి తన వాదన వినిపించింది, వీడియో చూడమంది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత గందరగోళం తర్వాత మళ్లీ బ్లాక్స్ మీద కాళ్లు పెట్టి 12.91 సెకన్లలో ముగించింది. మూడో స్థానంలో వచ్చింది, చైనా అమ్మాయిని అనర్హురాలిగా ప్రకటించాక వెండి పతకం దక్కింది. ఏళ్ల సాధన ఒక్క కార్డుతో పోతుందేమో అన్న టెన్షన్ నుంచి నిమిషాల్లో మూడడుగుల లయలోకి తిరిగి రావడమే అథ్లెట్ మనస్తత్వం. దాన్ని చెవిలో ఉన్న పాట ఇవ్వలేదు.

బరువులెత్తేవాళ్లదీ ఇదే కథ. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకే ఊపులో తల పైకి ఎత్తే స్నాచ్‌లో 110, భుజాల దగ్గర ఆపి పైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు పిలిచాక ఎత్తడం మొదలుపెట్టడానికి ఇచ్చేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో లిఫ్టర్‌ని గమనించండి. అరచేతులకు సుద్ద పొడి రాసుకుంటారు, బార్ దగ్గరికి నడుస్తారు, పాదాలు సర్దుకుంటారు, పట్టు చూసుకుంటారు, ఒక ఊపిరి లోపలికి తీసి బిగబడతారు. ప్రతిసారీ అదే వరుస. ఆ వరుసే వాళ్లకు పాట. జిమ్‌లో మీరూ ఇలాంటిది ఒకటి కట్టుకోవచ్చు. పాట వినండి, ఊగండి, కానీ బార్ పట్టుకునే ముందు మీ వరుస మీరు పూర్తి చేయండి. స్పీకర్ ఆగిపోయిన రోజు కూడా ఆ వరుస మీ దగ్గరే ఉంటుంది.

మనతో మనం చెప్పుకునే మాటలకూ రకాలున్నాయి. గ్రీస్‌లోని థెస్సలీ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇలా మాట్లాడుకోవడం ఆటను మెరుగుపరుస్తుందని, నైపుణ్యం కావాల్సిన పనులకు సూచనలాంటి మాటలు ఎక్కువ ఫలితం ఇస్తాయని తేలింది. స్క్వాట్‌లో "మోకాళ్లు బయటికి", పరుగులో "భుజాలు వదులు", బ్యాట్ పట్టుకుంటే "బంతి మీద చూపు" లాంటివి. ఓర్పు కావాల్సిన పనికి "ఇంకొక్క రౌండు", "ఉండు, అయిపోతోంది" లాంటివి చాలు. వేల్స్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీ వాళ్లు 2019లో పది కిలోమీటర్ల సైక్లింగ్‌తో ఇంకో సంగతి చూశారు. "నేను చేయగలను" అనుకున్నప్పటి కన్నా "నువ్వు చేయగలవు" అని తమకు తాము చెప్పుకున్నప్పుడు మెరుగ్గా తొక్కారు. పీఈటీ సార్ పక్కన నిలబడి చెబుతున్నట్టు ఉంటుంది కాబట్టి కావచ్చు. పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు ఇది తప్పక ప్రయత్నించండి. ఖర్చు లేదు, చార్జింగ్ అక్కర్లేదు.

మాట బలం ఎంతో చూడాలంటే సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు హనుమంతవాక దగ్గర నిలబడండి. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచేవాళ్లలో ఏడాదిలో ఇంకెప్పుడూ అంత దూరం నడవనివాళ్లే ఎక్కువ. ముసలమ్మలు ఉంటారు, చెప్పుల్లేని కాళ్లుంటాయి. ఒకరు "గోవిందా" అంటే వందమంది అందుకుంటారు, అడుగు ఆగదు. లయ, నమ్మిన మాట, పక్కన మనుషులు అనే మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. భక్తిని వ్యాయామంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌బడ్స్ బిగించుకుని సాధన చేసేవాళ్లు వారానికి ఒకసారైనా గుంపుతో పరిగెత్తమని చెప్పడానికే ఇది గుర్తు చేశాను.

వైజాగ్ గాలి, వైజాగ్ రోడ్డు

పాట ఆయాసాన్ని మరిపిస్తుందని సంతోషించాం కదా, మన ఊళ్లో అదే ఒక్కోసారి ముప్పు. మార్చి దాటాక ఇక్కడి ఉక్కపోతలో చెమట కారుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అది జరగనప్పుడు అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అప్పుడు ఒళ్లు "తగ్గించు" అని చెప్పే మాట వినాలి. ఊపున్న పాట ఆ మాటను కప్పేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొడవాటి పరుగులకు పాట వేగం తగ్గించండి, లేదా అసలు మానేయండి. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా ఆ క్షణమే ఆగి నీడకు వెళ్లాలి, పాట పూర్తవనీ అని చూడకూడదు.

రోడ్డు సంగతి ఇంకోటి. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేసే గంటల్లో రెండు చెవుల్లో పెట్టుకున్నా పెద్ద భయం లేదు. ఆ సమయం దాటినా, లాసన్స్ బే నుంచి తెన్నేటి పార్కు వైపు వెళ్లినా, రుషికొండ రోడ్డు ఎక్కినా చెవులు తెరిచి ఉండాల్సిందే. వెనక నుంచి వచ్చే బస్సు హారన్ కన్నా ఏ పాటా ముఖ్యం కాదు.

అందుకని పరికరం కూడా చోటును బట్టే ఎంచుకోవాలి. చెవి రంధ్రంలో బిగించే ఇయర్‌బడ్స్ జిమ్‌కి మంచివి, బయటి మోత తగ్గించే సదుపాయం ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే జిమ్ స్పీకర్ మీద పైచేయి కోసం సౌండ్ పెంచాల్సిన పని ఉండదు. అదే సదుపాయం రోడ్డు మీద ప్రమాదం. రోడ్డుకు చెవి బయట కణత దగ్గర ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ రకం మేలు, చెవులు ఖాళీగా ఉంటాయి. పాటలో బాస్ అంతగా వినిపించదు, అది ఒప్పుకోవాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే మామూలు ఇయర్‌ఫోన్‌ని రోడ్డు వైపు లేని చెవికి మాత్రమే పెట్టుకోండి. ఏది కొన్నా తడిని తట్టుకునే ఐపీఎక్స్4 రేటింగ్ అన్నా ఉందో లేదో చూడండి, చెమట తట్టుకుంటుంది. వాడాక బట్టతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. తడిగా మూసేస్తే పరికరానికీ మంచిది కాదు, మీ చెవికీ కాదు.

సౌండ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్స్. 90కి పెంచితే వారానికి నాలుగు గంటలే. రోజూ గంట జిమ్ చేస్తూ ఫుల్ వాల్యూమ్ పెట్టేవాళ్లు ఆ నాలుగు గంటలు శుక్రవారానికే దాటేస్తారు. చాలా ఫోన్లలో ఈ లెక్క చూపించే సెట్టింగ్ ఉంటుంది.

ఎవరికి ఏది

ఇప్పుడిప్పుడే నడక, పరుగు మొదలుపెట్టినవాళ్లు ఏ మొహమాటం లేకుండా పాటలు పెట్టుకోండి. మీకు ఇప్పుడు కావాల్సింది రేపు కూడా రావాలనిపించడం. నచ్చిన పాటే మంచి పాట, బీట్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. బరువు తగ్గడానికి ట్రెడ్‌మిల్ చేసేవాళ్లకు మాటల్లేని మిక్స్ మేలు. బరువులెత్తేవాళ్లు సెట్ల మధ్య మాస్ పాట, సెట్‌కి ముందు మీ వరుస. నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లకో 42కో పేరిచ్చినవాళ్లు వారంలో తేలిక పరుగులకు పాట పెట్టుకుని, వేగం పరుగులూ, పొడవాటి పరుగులో చివరి భాగమూ పాట లేకుండా చేయండి. అలల చప్పుడు, మీ బూట్ల చప్పుడు, మీ ఊపిరి వినడం అలవాటవుతుంది. మూడడుగులకు ఊపిరి తీసి రెండడుగులకు వదలడం లాంటివి అప్పుడే పట్టుబడతాయి. షూటింగ్, విలువిద్య, క్యారమ్ ఆడేవాళ్లకు ఊపు పాటలు చెడు చేస్తాయి, గుండె వేగం పెంచుతాయి కాబట్టి. వాళ్లకు నెమ్మది సంగీతమో, నిశ్శబ్దమో కావాలి.

1600 మీటర్లకు సిద్ధమవుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కాస్త వివరంగా చెబుతాను. పాటను ఒక్కరోజులో మానేయకండి, దిగులు పడతారు. మొదటి వారం పాట వార్మప్‌కి, తేలిక పరుగులకు ఉంచుకుని, టైమింగ్ పెట్టుకునే పరుగులకు మాత్రం తీసేయండి. వార్మప్‌ చివర రోజూ ఒకే పాట పెట్టండి, అదే ఆఖరి పాట కావాలి. అది అయిపోగానే ఫోన్ బ్యాగులో పెట్టి లైన్ దగ్గరికి వెళ్లండి. కొన్నాళ్లకు ఆ పాట మొదటి లైను తలుచుకుంటేనే ఒళ్లు సిద్ధమవుతుంది. ఈవెంట్ రోజు ఫోన్ లేకపోయినా తలలో పాడుకోవచ్చు.

1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు ఏం చేయాలో ముందే అనుకోండి. మొదటి రౌండులో అందరూ ఎగబడతారు కాబట్టి "ఆగు, ఆగు" అన్నదే మాట. రెండో రౌండుకు "భుజాలు వదులు". మూడో రౌండే అసలు పరీక్ష, ఎక్కువమంది నెమ్మదించేది అక్కడే, అందుకని ఆ రౌండుకు మీకు అన్నిటికన్నా బలమిచ్చే మాట దాచుకోండి, అది అమ్మ పేరైనా సరే. నాలుగో రౌండుకు మాట అక్కర్లేదు, ముందున్నవాడి వీపు చూడండి. ఈ మాటల్ని ఈవెంట్ రోజు కొత్తగా మొదలుపెడితే గుర్తు రావు. టైమింగ్ పెట్టుకునే ప్రతి పరుగులో, అదే రౌండులో, అదే మాట వాడండి. ఒకటి పనిచేయకపోతే తర్వాతి వారం మార్చేయండి, కానీ ఈవెంట్‌కి పది రోజుల ముందు నుంచి దేన్నీ మార్చకండి.